మచ్చా, నీరా? డయాలసిస్ రోగుల ఆయాసంపై ఒక పరిశీలన

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. నాటితో ఆ వ్యాధి పత్రికల మొదటి పుట నుంచి తొలగిపోయింది. కాని ఇచ్ఛాపురం మొదలు పలాస వరకు, సరిహద్దుకు ఆవల బరంపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెలలోను, డయాలసిస్ చేయించుకొంటున్నవారి ఇళ్ళలో ఒక మాట నేటికీ వినబడుతూనే ఉన్నది: "కరోనా వచ్చి పోయినప్పటినుంచి ఈ ఆయాసం వదలలేదు." ఆ మాట నిజమే కావచ్చు. సగమే నిజమైతే? మిగిలిన సగం నయం చేయదగినదై ఉండి, దానిని ఎవరూ వెదకకపోతే?

ఉద్దానం సంగతి ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో, దాని మూలకారణం పరిశోధకులకు నేటికీ పూర్తిగా అంతుపట్టలేదన్న సంగతీ అందరికీ తెలిసినదే. అటువంటి ప్రాంతం మీదికి 2020లో కరోనా వచ్చిపడింది. సూరత్ నుంచి వలస కూలీలు తిరిగివచ్చిన ఆ వేసవిలో గంజాం జిల్లా ఒడిశా అంతటిలో అత్యధిక కేసులు నమోదైన జిల్లాలలో ఒకటిగా నిలిచింది. పురుషోత్తపురం చెక్‌పోస్టు వద్ద రాకపోకలు నిలిచిపోయాయి. తక్కినవారు ఇంట్లో తలుపు వేసుకొని కూర్చుంటే సరిపోయింది. డయాలసిస్ రోగికి ఆ వెసులుబాటు లేదు. వారానికి రెండు మూడు సార్లు ఇల్లు విడిచి, పది మంది పడుకొనే హాలులో నాలుగేసి గంటలు గడపక తప్పదు.

ఫలితం ఊహించదగినదే. దేశంలోని 19 పెద్ద ఆసుపత్రులలో 2,517 మంది డయాలసిస్ రోగుల వివరాలను సేకరించిన వైద్యులు, లాక్‌డౌన్ కాలంలో 710 మంది ఒకటి లేదా అంతకు మించి డయాలసిస్‌లు తప్పిపోయారని తేల్చారు. ఇక వ్యాధి సోకినవారి గతి మరింత దారుణం. ఐరోపా దేశాల రిజిస్ట్రీ లెక్కల ప్రకారం 2020 తొలి నెలల్లో కరోనా సోకిన డయాలసిస్ రోగులలో ప్రతి ఐదుగురిలో ఒకరు 28 రోజులలోపే మరణించారు. అంతటి గండం గడిచి బతికి బయటపడినవారి గురించే ఈ వ్యాసం.

కరోనా ఊపిరితిత్తులలో ఏమి చేస్తుంది? మన ఊపిరితిత్తులలో కోట్లాది సన్నని గాలి గదులు ఉంటాయి. వాటి గోడలు ఎంత పలచనివంటే ప్రాణవాయువు వాటిగుండా రక్తంలోకి సులభంగా దిగిపోతుంది. తీవ్రమైన కరోనాలో ఈ గోడలు వాచి, కొందరిలో మానేటప్పుడు మందమైన మచ్చగా మిగులుతాయి. వూహాన్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళినవారిని ఆరు నెలల తరువాత పరీక్షించిన వైద్యుల నివేదిక 2021 జనవరిలో లాన్సెట్ పత్రికలో వెలువడింది. అత్యంత తీవ్రంగా జబ్బు పడి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకొన్నవారిలో సగానికి మించి, అంటే 56 శాతం మందిలో, ప్రాణవాయువును రక్తానికి అందించే శక్తి తగ్గే ఉన్నది. చాలామందికి కాలక్రమేణా మెరుగవుతుంది, కొందరికి కొంత మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. కాబట్టి మచ్చ కల్పన కాదు.

అయితే డయాలసిస్ రోగి ఊపిరితిత్తికి మరొక శత్రువు ఉన్నది. అది నీరు. మూత్రం రానివారికి తాగిన ప్రతి లీటరూ ఒంట్లోనే నిలిచి ఒక కిలో బరువుగా కనబడుతుంది. ఆ నీటిని యంత్రం తీసివేయాలి. ఎంతవరకు తీయాలన్న దానికి ప్రతి రోగికి ఒక బరువు నిర్ణయించి ఉంచుతారు. దానినే డ్రై వెయిట్ అంటారు. డ్రై వెయిట్ 58 కిలోలుగా ఉన్న వ్యక్తి 60తో వస్తే రెండు లీటర్లు తీసి పంపుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. కరోనాతో పది పదిహేను రోజులు మంచం పట్టినవాడికి ఒళ్ళు కరిగిపోతుంది, కండ తగ్గుతుంది. అతని నిజమైన బరువు 54కు పడిపోయి ఉంటుంది. పుస్తకంలో మాత్రం 58 అనే ఉంటుంది. యంత్రం 58 దగ్గర ఆగిపోతుంది. కరిగిన నాలుగు కిలోల కండ స్థానంలో నాలుగు లీటర్ల నీరు చేరి, తూకం రాయి ముందు ఏ తేడా లేనట్లే నిలబడుతుంది. ఆ నీరు పాదాలలో కొంత, ఊపిరితిత్తులలో కొంత చేరుతుంది. స్టెతస్కోపుకు వినబడకుండా కూడ ఊపిరితిత్తులలో నీరు నిలవగలదు.

ఇది పుస్తకాలలో చదివి మాత్రమే చెబుతున్నది కాదు. నాకు మేనమామ వరుస అయ్యే ఒక జీడితోట రైతు 2021 మే నెలలో కరోనాతో సరిహద్దు దాటి ఒడిశాలోని ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండి వచ్చాడు. డయాలసిస్ మాత్రం ఆంధ్ర వైపు కేంద్రంలో. ఒడియా, తెలుగు రెండూ తెలిసినవాడినని ఆసుపత్రి కాగితాలు నా చేతికి ఇచ్చి, "అల్లుడూ, తిత్తుల్లో మచ్చ పడిందంట, ఇంకేముంది, ఇలాగే గడిచిపోవాలి" అన్నాడు. అప్పటికి రెండు నెలలుగా ఆయన రాత్రిళ్ళు గోడకు ఆనుకొని కూర్చుని నిద్రపోతున్నాడు. చొక్కా వదులై భుజాల మీద వేలాడుతున్నది. డయాలసిస్ కేంద్రంలో ఉన్న నర్సమ్మ ఆ చొక్కాను చూసింది. పుస్తకం తిరగేస్తే జనవరిలో రాసిన డ్రై వెయిట్ అలాగే ఉన్నది. ఆమె డాక్టరుగారికి చెప్పగా, ఆయన ఒక్కొక్క విడతకు అరకిలో చొప్పున తగ్గిస్తూ నెల రోజులలో నాలుగు కిలోలు దించారు. మామయ్య మంచం మీద వెల్లకిలా పడుకోగలిగాడు. దిబ్బ ఎక్కితే ఆయాసం ఇప్పటికీ వస్తుంది. అది మచ్చ వాటా. పడుకోనివ్వని ఆయాసం నీటి వాటా. ఆ వాటాను రెండు నెలలపాటు ఆయన అనవసరంగా మోశాడు.

రెండు వైపుల వైద్యులూ తమ పని తాము సరిగానే చేశారు. ఊపిరితిత్తులు చూసినవారికి డ్రై వెయిట్ సంగతి తెలియదు. డయాలసిస్ చేసినవారికి స్కానింగ్ రిపోర్టు అందలేదు. రెండు కాగితాలూ ఒక బల్ల మీదికి రాలేదు, అంతే.

ఈ రెండు ఆయాసాలకు కొన్ని తేడాలు ఇంటివారు కూడ గుర్తించవచ్చు. పడుకొంటే పెరిగి, లేచి కూర్చుంటే తగ్గేది, డయాలసిస్ ముందురోజు ఎక్కువై డయాలసిస్ అయ్యాక తేలికపడేది, పాదాల వాపు, రక్తపోటు పెరుగుదలతో కూడినది, చాలావరకు నీటిదే. డయాలసిస్‌కు ముందూ తరువాతా ఒకేలా ఉండి, నడిచినప్పుడు ఆక్సీమీటరు అంకె దిగిపోతూ, పొడిదగ్గుతో ఉంటే మచ్చను అనుమానించాలి. ఛాతీ ఎక్స్‌రే గాని స్కానింగ్ గాని వీలైనంతవరకు డయాలసిస్ అయిన తరువాత తీయించుకోవడం మేలు. ముందు తీస్తే నిలిచిన నీరే కరోనా నీడలా కనబడి వైద్యుని సైతం తికమక పెట్టగలదు. రెండు డయాలసిస్‌ల నడుమ దీర్ఘ విరామమే ప్రమాదకరమని అమెరికాలో 32,000 మందికి పైగా రోగులను పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనం చెబుతున్నది. వారానికి రెండుసార్లతో సరిపెట్టుకొనే మనవారికి ఆ విరామం మరింత పొడవు.

ఇక మన ఆదరణ సంగతి. జబ్బు పడి లేచినవాడికి బలం రావాలని చుట్టాలు తెచ్చేవన్నీ దాదాపు ద్రవాలే: రాగిజావ, పళ్ళరసం, చారు, ఉద్దానం కొబ్బరిబోండాలు. తెచ్చేవారి ప్రేమను శంకించలేము. కాని బోండాం నీటిలో పొటాషియం అధికం, అది డయాలసిస్ రోగి గుండెనే ఆపగలదు. ఎండుచేప, ఆవకాయ తింటే ఉప్పు దాహం పుట్టిస్తుంది, దాహం నీరు తాగిస్తుంది, ఆ నీరు ఊపిరితిత్తులకు చేరుతుంది. కరిగిన కండ తిరిగి రావాలంటే గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు కావాలి. ఎంత అన్నది ఆయా రోగిని చూసే వైద్యుడు చెప్పాలి. కండ తిరిగివచ్చిన కొద్దీ డ్రై వెయిట్‌ను మళ్ళీ పెంచవలసి ఉంటుందని కూడ గుర్తుంచుకోవాలి. లేకుంటే అవసరానికి మించి నీరు తీసివేసి, కాళ్ళు పట్టేసి, రోగి కళ్ళు తిరిగి పడిపోతాడు.

మచ్చా, నీరా అన్న ప్రశ్నతోనే వెదకడం ఆగిపోకూడదు. రక్తహీనతకు వాడే ఇంజెక్షన్లు మానివేసినవారికి రక్తం తగ్గి ఆయాసం రావచ్చు. గుండె బలహీనత కారణం కావచ్చు. అన్నిటికంటె భయపడవలసినది క్షయ. మూత్రపిండాలు చెడినవారికి క్షయ సోకే ప్రమాదం ఇతరులకంటె అనేక రెట్లు ఎక్కువ. కరోనా కాలంలో స్టెరాయిడ్లు వాడినవారిలో నిద్రాణమైన క్షయ లేవవచ్చు. రెండు వారాలు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం ఉంటే, అదీ కరోనా తాలూకే అని ఊరుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే కఫ పరీక్ష చేయించాలి.

పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. హిరమండలం నుంచి తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ ఆనాడే ప్రారంభమైంది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను 2019 నుంచి అమలైంది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే మనం అడగవలసినది ఖరీదైన కొత్త యంత్రం కాదు. తీవ్ర జ్వరంతో గాని, కరోనాతో గాని ఆసుపత్రిలో ఉండి వచ్చిన ప్రతి డయాలసిస్ రోగికి మొదటి వారంలోనే డ్రై వెయిట్ తిరిగి లెక్కకట్టాలన్న ఒక నియమం, పుస్తకంలో దానికొక గడి. ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్‌తో నిలిచిన నీటిని పడక దగ్గరే చూడవచ్చునని వైద్యులు చెబుతున్నారు. గర్భిణులకు వాడే యంత్రమే దానికీ పనికివస్తుంది.

సరిహద్దు చిక్కు ఎలాగూ ఉండనే ఉన్నది. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్ పథకంలో చేరింది. ఆ కార్డుతో ఇతర రాష్ట్రాలలో కూడ చికిత్స పొందవచ్చునన్నది పథకం నియమం. ఏ ఆసుపత్రి దానిని ఏ చికిత్సకు అంగీకరిస్తుందో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. కార్డు చెల్లినా కాగితం దానంతట అది సరిహద్దు దాటదు. డిశ్చార్జి చీటీ, స్కానింగ్ రిపోర్టు, డయాలసిస్ పుస్తకం మూడింటినీ ఒకే సంచిలో ఉంచి, ఎటువైపు వెళ్ళినా ఆ సంచినే తీసుకొని వెళ్ళండి. చీటీ ఒడియాలో ఉంటే మీ ఊరి బడికి తీసుకురండి, చదివిపెట్టేవారు ఎవరో ఒకరు ఉంటారు.