అనుమానించాల్సింది పిల్లలను కాదు

ఐవీఎఫ్‌కు సిద్ధపడే దంపతులను లోలోపల తొలిచే ప్రశ్న ఒకటే: పుట్టే బిడ్డ అందరు పిల్లల్లా ఎదుగుతుందా? 1978 జులై 25న ఇంగ్లండ్‌లో తొలి ఐవీఎఫ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టినప్పుడూ ఇదే భయం. పెద్దయ్యాక ఆమె సహజంగానే గర్భం దాల్చి, తల్లి కూడా అయింది.

1982-2007 మధ్య పుట్టిన 25 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులను స్వీడన్ పరిశోధకులు జల్లెడ పట్టారు. ఐవీఎఫ్ వల్ల మొత్తమ్మీద ఆటిజం ముప్పు పెరగలేదని 2013లో తేల్చారు. తండ్రి నుంచి సర్జరీతో వీర్యకణాలు తీసి ఇక్సీ (వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) చేసిన కొద్ది కేసుల్లో మాత్రం ఆ ముప్పు ఎక్కువగానే కనిపించింది. ఇది దాచాల్సిన సంగతి కాదు. బుద్ధిమాంద్యం కూడా స్వల్పంగా ఎక్కువే. అయితే ఒక్క బిడ్డే పుట్టిన కాన్పులను విడిగా లెక్కిస్తే ఆ తేడా నిలవలేదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. గర్భసంచిలో రెండు మూడు పిండాలు పెడితే కవలలు లేదా ముగ్గురు బిడ్డలు కడుపున పడే అవకాశం పెరుగుతుంది. అలాంటప్పుడు తరచూ నెలలు నిండకముందే కాన్పు వస్తుంది. కిలోన్నర బరువైనా లేని బిడ్డ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఇంక్యుబేటర్‌లో ఉంటే, తల్లి అద్దం బయట నిలబడి చూడాలి. బతికి బయటపడ్డాక కూడా కొందరికి నడక, మాట ఆలస్యమవుతాయి. అయినా లక్షలు పోసిన దంపతులు 'ఒకే ఖర్చుతో ఇద్దరు' అనుకుంటారు. వారించాల్సిన వైద్యులే కొన్నిచోట్ల తలూపుతున్నారు. స్వీడన్ 2003లోనే ఒక్క పిండం పద్ధతికి మళ్లి కవలల కాన్పులను బాగా తగ్గించింది.

తల్లి వయసూ పట్టించుకోవాల్సిందే. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన మహిళ ఐవీఎఫ్‌తో ఆడ కవలలను కంటే రికార్డు అని మురిసిపోయాం. ఆ పిల్లలు ఇంటర్‌కు వచ్చేనాటికి తల్లి తొంభైకి చేరువవుతుంది. సంతాన సాఫల్య చికిత్సలపై మన దేశంలో వచ్చిన 2021 చట్టం ఈ చికిత్సకు మహిళలకు 50, పురుషులకు 55 ఏళ్ల పరిమితి పెట్టడం ముమ్మాటికీ న్యాయం.

ఇక ఇంటి సంగతి. దాత అండంతో బిడ్డ పుడితే అత్తగారికీ చెప్పరు, తోడికోడలికీ చెప్పరు. చివరికి బిడ్డకూ చెప్పరు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సూసన్ గోలంబాక్ బృందం దాతల సాయంతో, సరోగసీతో పుట్టిన పిల్లలను ఇరవై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. మానసిక ఆరోగ్యంలో వారు ఎవరికీ తీసిపోలేదు. ఏడేళ్లలోపే నిజం తెలిసిన పిల్లలకు తల్లితో అనుబంధం మరింత బాగుంది. పదహారేళ్లప్పుడు ఏ పెళ్లింట్లోనో ఎవరో నోరుజారితే తెలిసే నిజం బిడ్డను ఎంత కుంగదీస్తుందో ఆలోచించండి.

సంతాన సాఫల్య కేంద్రాలు తమ గెలుపు శాతాలను హోర్డింగుల మీద వేసుకుంటున్నాయి. ఎన్ని పిండాలు పెట్టారో, ఎంతమంది నెలలు నిండి పుట్టారో కూడా ఏటా బయటపెట్టాలని ప్రభుత్వం ఆదేశించాలి. అంతవరకూ దంపతులే నోరు తెరిచి ఆ రెండు లెక్కలూ అడగాలి.