తాగుడు మానాలనుకునే రైతుకు సంఘం తోడుండాలి

మద్యం మీద మన సంఘం ఎన్నో తీర్మానాలు చేసింది. బెల్టు షాపులు ఎత్తేయాలన్నాం. రైతు, కూలీల రెక్కల కష్టంతో ఖజానా నింపుకోవద్దని ప్రభుత్వాలను నిలదీశాం. ఆ మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. కానీ ఇప్పటికే తాగుడుకు బానిసై, మానాలని ఉన్నా మానలేకపోతున్న మనిషి ఆ తీర్మానాల్లో ఎక్కడా లేడు. అతనికి మనం ఏం చెబుతున్నాం?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం మరుసటి ఏడాదికల్లా రాష్ట్రంలో సారాను నిషేధింపజేసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ పోరాటం మనకు గర్వకారణం. దుకాణం మూస్తే కొత్తవాళ్లు అలవాటు పడటం తగ్గుతుంది. అలవాటైనవాడికి మాత్రం దుకాణం మూసినా చేతుల వణుకు ఆగదు.

అతని విషయంలో ఊళ్లలో ఏం జరుగుతోంది? గుళ్లో ఒట్టు వేయిస్తారు. గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. లేదంటే అతనికి తెలియకుండా కూరలో మాన్పించే మాత్ర కలుపుతారు. ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపేసినా రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. కాబట్టి ముందు డాక్టరు, తర్వాతే మిగతావి. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే దగ్గర్లోని డీఅడిక్షన్ కేంద్రం ఎక్కడుందో చెబుతారు. బతకాలనిపించడం లేదనే మాట నోట వస్తే 14416కు చేయాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.

మందులతో ఒంట్లో విషం దిగుతుంది. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. అదే అప్పు, అదే ఎండిన చేను, సాయంత్రమైతే అదే దుకాణం. ఆ సాయంత్రాలను దాటించేది అదే బాధ పడి బయటపడినవాళ్ల మాట. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు కూర్చుని మాట్లాడుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఏఏ అంటారు. అక్కడ ఫీజు లేదు, కులం అడగరు, ఏ మతానికీ ఏ పార్టీకీ చెందదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. ఎవరు వచ్చారో, ఏం చెప్పారో బయట చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

ఈ గోప్యత రైతుకు ఎంత అవసరమో ఆత్మహత్యల విచారణలకు వెళ్లిన మనకు తెలుసు. 2004లో వచ్చిన జీవో 421 ప్రకారం త్రిసభ్య కమిటీ విచారించి తేలిస్తేనే ఆ కుటుంబానికి సాయం అందుతుంది. 'తాగేవాడా?' అన్న ప్రశ్న రాగానే బ్యాంకు అప్పు, వడ్డీ వ్యాపారి కాగితం, కౌలు బాకీ అన్నీ వెనక్కి పోతాయి. తాగుడు కాగితం మీదికి ఎక్కితే రేపు ఏమవుతుందోనన్న భయంతోనే చాలా ఇళ్లు బతికున్నవాడి జబ్బును కూడా దాచిపెడుతున్నాయి. దాచిన జబ్బుకు వైద్యం ఎలా అందుతుంది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఈ సమావేశాలు జరుగుతున్నాయి. మన రైతుకు వాటి సంగతి తెలియదు. తెలిసినా సాయంత్రం సమావేశం అయ్యాక తిరిగి రావడానికి బస్సు ఉండదు. అందుకే సంఘం చేయాల్సిన పనులు మూడున్నాయి.

మొదటిది, ప్రతి జిల్లా కమిటీ ఒక జాబితా తయారు చేయాలి. దగ్గర్లో సమావేశం ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ భాషలో, చివరి బస్సు ఎప్పుడు అన్నవన్నీ అందులో ఉండాలి. ఏఏ వాళ్లను అడిగితే వివరాలిస్తారు. ఫోన్‌లో జరిగే సమావేశాలూ ఉన్నాయి. తాగేవాళ్ల ఇంటివారి కోసం అల్-అనాన్ అనే వేరే సమావేశం ఉంది, దాని వివరమూ చేర్చాలి.

రెండోది, మొదటిసారి వెళ్లేవాడితో ఒకరం తోడు వెళ్లాలి. కుటుంబ సభ్యులను, బయటివారిని కూడా రానిచ్చే సమావేశాలు కొన్ని, తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే కొన్ని. అది ముందే కనుక్కుని, రానివ్వని చోట గుమ్మం బయటే ఆగాలి. ఆ రోజు అతని పొలానికి నీళ్ల వంతు ఉంటే మనలో ఇంకొకరు చూసుకోవాలి.

మూడోది, సమావేశం లేని పట్టణంలో సంఘం ఆఫీసు గదిని వారానికి ఒక సాయంత్రం ఇవ్వాలి. బయటపడాలనుకునే ఇద్దరు ముగ్గురు కూడితే అదే ఒక గ్రూపు అని ఏఏ చెబుతుంది. ఆ గంటసేపు గదిలో మన జెండా, హాజరు పుస్తకం, నాయకులు ఎవరూ ఉండకూడదు. వాళ్లు బయటి విరాళాలు తీసుకోరు, తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. నామమాత్రపు అద్దె ఇస్తామంటే కాదనకుండా తీసుకుందాం.

జిల్లా ఆసుపత్రుల్లో పడకలు, ఉచితంగా మందులు కావాలని ప్రభుత్వంతో కొట్లాట ఎలాగూ సాగాలి. మద్యం మీద వచ్చే రాబడిలో కొంత ఇందుకు పెట్టమని అడగడం మన హక్కు. అది తేలేదాకా మానాలనుకునేవాణ్ణి ఆగమనలేం. వచ్చే మండల కమిటీ సమావేశాల్లో ఆ జాబితానే మొదటి అంశంగా పెట్టండి.