ఏ ఫోను కొనాలి?

మహానంది పరిసరాల్లో అరటి సాగు చేసే రైతు పిలకలను ఎన్నుకొనే తీరు చూడదగినది. తల్లిచెట్టు మొదట రెండు రకాల పిలకలు లేస్తాయి. ఒకటి సన్నని, కత్తి వంటి ఆకులతో బక్కగా కనబడుతుంది. రెండవది వెడల్పైన ఆకులు విప్పుకొని, పచ్చగా, నిండుగా, కన్నుకు ఇంపుగా ఉంటుంది. కొత్తవాడు రెండవదాని మీద చెయ్యి వేస్తాడు. అనుభవం గల రైతు దానిని నీటి పిలక అని పక్కకు నెట్టి, సన్న ఆకుల సూది పిలకను తవ్వి తీసికొంటాడు. నీటి పిలకకు తల్లిదుంపతో పట్టు తక్కువ, సత్తువ తక్కువ. ఆకును చూసి ఆశపడినవానికి గెల వేసేనాడు నిజం తెలుస్తుంది.

అదే రైతు జూన్ మాసంలో బడులు, కళాశాలలు తెరిచే వేళకు స్మార్టుఫోను కొనడానికి నంద్యాల అంగళ్ళకు పోయినప్పుడు ఈ వివేకం అక్కరకు రావడం లేదు. వెడల్పాకుల ఫోనే ఇంటికి వస్తున్నది. ఇందుకు రైతును తప్పు పట్టడం న్యాయం కాదు. పిలకలో ఏమి చూడాలో అతనికి తాతల నాటి నుండి తెలుసు. ఫోనులో ఏమి చూడాలో చెప్పేది మాత్రం అమ్మేవాడే. రెండు ఫోన్లను పక్కపక్కన నిలిపి పోల్చే పట్టికలో ఏ గడులు ఉండాలో, ఏవి ఉండనక్కరలేదో నిర్ణయించేదీ అతడే. పట్టిక గీసినవాని చేతిలో సగం తీర్పు ఉంటుంది. అందులోని అంకెలు అబద్ధాలు కావు. అయినా బేరం తప్పిపోతుంది. మహానంది పుష్కరిణిలో అడుగున పడిన నాణెం కూడ పైనుండి కనబడుతుందంటారు. అంగడి పట్టికలో అంత తేట ఆశించడం అత్యాశ.

ఈ బేరం చిన్నది కాదు. పది పన్నెండు వేల మొదలు ఇరవై వేల రూపాయల దాకా పలికే వస్తువు కూలి మీద బ్రతికే కుటుంబానికి ఎన్నో దినాల కష్టం. 2020 ఏప్రిల్ 1 నుండి సెల్‌ఫోన్ల మీద వస్తుసేవల పన్ను 12 శాతం నుండి 18 శాతానికి పెరిగి ఆ భారాన్ని మరికొంత పెంచింది. అయినా కొనక తప్పని స్థితి వచ్చింది. పల్లెల్లోని పిల్లల చదువును పరిశీలించే 'అసర్' నివేదికల ప్రకారం, బడిపిల్లలు గల గ్రామీణ కుటుంబాల్లో 2018లో మూడోవంతుకు కొంచెం పైగా మాత్రమే స్మార్టుఫోను ఉండేది. 2022 నాటికి అది దాదాపు నాలుగింట మూడు వంతుల ఇండ్లకు చేరింది. నడుమ కరోనా వచ్చి, బడులు మూతపడి, పాఠం ఫోనులోకి పోయింది. విలాసంగా వచ్చిన వస్తువు పలక ఉండిన చోట కూర్చున్నది.

ఇక పట్టికను తెరిచి చూద్దము. మొదటి గడిలో ర్యామ్ అని ఉంటుంది. ఆరు, ఎనిమిది అన్న అంకె పక్కన మరొక ఆరో ఎనిమిదో కూడి, మొత్తం పన్నెండనో పదహారనో పెద్ద అక్షరాలతో వ్రాస్తారు. ఆ కూడిన భాగం నిజమైన ర్యామ్ కాదు. ఫొటోలు, పాఠాలు దాచుకొనే నిల్వస్థలం నుండి అప్పు తెచ్చినది. నిల్వస్థలం ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. గాదెలోని గింజలను తెచ్చి గిన్నెలోని అన్నంతో కలిపి లెక్కించడం వంటిది ఈ కూడిక. తరువాతి గడి కెమేరాది. యాభై మెగాపిక్సెళ్ళు, నూట ఎనిమిది మెగాపిక్సెళ్ళు అని అక్కడ ఘనంగా ఉంటుంది. అసలు జరిగేదేమంటే, యాభై అన్న కెమేరా మామూలుగా నాలుగేసి బిందువులను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ చిత్రాన్నే ఇస్తుంది. నూట ఎనిమిది అన్నది తొమ్మిదేసి కలిపి పన్నెండే ఇస్తుంది. వెలుతురును పట్టే ఫలకం ఎంత పెద్దది, కటకం ఎంత మంచిది అన్నవే చిత్రాన్ని నిర్ణయిస్తాయి. ఆ గడులు పట్టికలో అరుదు. ఇక వెనుక మూడు కళ్ళు ఉన్నవన్న గొప్ప ఒకటి. చవక ఫోన్లలో మూడవ కన్ను తరచు రెండు మెగాపిక్సెళ్ళది. సంఖ్య పూర్తికి పెట్టినది. మహానంది వ్యవసాయ కళాశాల విద్యార్థి సిగటోక తెగులు సోకిన అరటి ఆకు మీది మచ్చను దగ్గరగా ఫొటో తీయవలసి వస్తే ఆ మూడవ కన్ను అతనికి ఏమీ ఉపకరించదు. మొదటి కన్నే దగ్గరి వస్తువును స్పష్టంగా పట్టగలదా లేదా అన్నది అంగట్లోనే, చేతి గీతలను ఫొటో తీసి, నిమిషంలో తెలిసికోవచ్చు.

పట్టికలో ఉన్నవాటి సంగతి ఇంతటితో చాలును. లేనివాటి సంగతే ముఖ్యం.

వాటిలో మొదటిది ఎండ. ఆపిల్ సంస్థ తన ఐఫోన్లను సున్న నుండి 35 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్న పరిసరాల్లో వాడమని చెబుతున్నది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. ఆ వేడిలో ఫోను తన్ను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించుకొంటుంది, ఛార్జింగు నెమ్మదిస్తుంది. అధిక వేడికి లిథియం బ్యాటరీ ఆయువు తరుగుతుంది, తరిగినది తిరిగి రాదు. చల్లని దేశాల్లో వ్రాసిన సమీక్ష చదివి, ఆళ్ళగడ్డ ఎండలో రేకుల షెడ్డు కింద పని చేసే మనిషి ఫోను కొనడం ఒకరి కొలతలతో మరొకరికి చొక్కా కుట్టించడమే.

రెండవది ఆయువు. ఫోను విరిగితేనే చస్తుందని అందరూ అనుకొంటారు. విరగకపోయినా, దానిని చేసిన సంస్థ భద్రతకు సంబంధించిన సవరణలు పంపడం మానిననాటి నుండి అది వృద్ధాప్యంలో పడుతుంది. జీతం, పింఛను, ఫీజు అన్నీ ఫోను మీదుగా నడుస్తున్న కాలంలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. గూగుల్ 2023లో తన పిక్సెల్ 8 ఫోనుకు, సాంసంగ్ 2024లో తన గెలాక్సీ ఎస్24 ఫోనుకు ఏడేసి సంవత్సరాల సవరణలు ఇస్తామని మాట ఇచ్చాయి. అవి ధనికుల ఫోన్లు. కాని అదే 2024లో సాంసంగ్ తన తక్కువ ధర శ్రేణిలోని ఏ16 నమూనాకు ఆరు సంవత్సరాలు ప్రకటించింది. అంటే ఆయువు ధరను బట్టి మాత్రమే రాదు. అడిగితే తెలుస్తుంది, అడగకపోతే తెలియదు. చవక ఫోన్లలో అనేకం రెండు మూడేళ్ళతోనే సరిపెడుతున్నాయి. ఇక్కడ గణితోపాధ్యాయులకు మంచి లెక్క ఒకటి దొరుకుతుంది. పన్నెండు వేల రూపాయల ఫోను రెండేళ్ళు, పద్దెనిమిది వేల ఫోను ఆరేళ్ళు నమ్మకంగా పనిచేసే పక్షంలో, చవకదానికి ఏడాదికి ఆరు వేలు, ఖరీదుదానికి మూడు వేలు పడుతున్నది. ఈ లెక్కలో మెలిక ఒకటున్నది. సంవత్సరాలు లెక్కించేది ఫోను మొదట విపణికి వచ్చిన నాటి నుండి. కొన్ననాటి నుండి కాదు. పండుగ తగ్గింపులో రెండేళ్ళ నాటి నమూనాను కొన్నవాడు తగ్గింపుతో పాటు ఆయువులో కోత కూడ కొని తెచ్చుకొంటున్నాడు.

మూడవది మరమ్మతు. తెర పగిలితే నంద్యాలలో బాగుచేయగలరా, లేక కర్నూలుకో హైదరాబాదుకో పంపవలెనా? అసలు విడిభాగం దొరుకుతుందా? యూరపు సమాజం 2025 జూన్ 20 నుండి కట్టుదిట్టమైన నియమాలు పెట్టింది. అక్కడ అమ్మే కొత్త నమూనాలకు, అమ్మకం మానిన పిదప ఏడేళ్ళ వరకు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. బ్యాటరీ ఎనిమిది వందల సార్లు ఛార్జి చేసిన తరువాత కూడ ఎనభై శాతం శక్తి నిలుపుకోవాలి. మరమ్మతుకు ఎంత అనువో తెలిపే గుర్తు పెట్టె మీద ఉండాలి. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టలు తెరిచింది. ఇటువంటి గుర్తు కొరకు ఆ శాఖ వేసిన సంఘం 2025 మే నెలలో నివేదిక సమర్పించింది. నివేదికకూ నియమానికీ నడుమ దూరమెంతో ప్రభుత్వ కార్యాలయాలకు తిరిగినవారికి తెలియనిది కాదు.

నాల్గవది తెలుగు. దీనిని గురించి తెలుగువారే అడగకపోవడం వింత. ఫోన్లలో భారతీయ భాషల కొరకు 2016లో ఏర్పరచిన ఐఎస్ 16333 ప్రమాణం మూడవ భాగం, ఇరవై రెండు భాషల్లోనూ సందేశాలు చదవగలిగి ఉండాలంటుంది. వ్రాయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీ కాక మరొక్క భారతీయ భాష ఉంటే చాలునంటుంది. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతం చాలమందికి జ్ఞాపకం ఉండవచ్చు. 'జ్ఞా' అన్న అక్షరం, నడుమ కంటికి కనబడని చిహ్నం ఒకటి చేరి, సందేశంగా వస్తే ఎంతో ఖరీదైన ఐఫోను దానిని చూపలేక తడబడి, సందేశాలు చూపే భాగమే మూసుకొనిపోయేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ పంపి సరిచేసింది. జ్ఞానమన్న మాటలోని మొదటి అక్షరమే ఆ ఫోనుకు కొరుకుడు పడకపోవడం హాస్యానికి మాత్రమే పనికివచ్చే సంగతి కాదు. ధర ఎంతైనా, తెలుగు లిపిలోని సంయుక్తాక్షరాలను పరీక్షించి చూసినవారు ఆ ఫోనును తయారుచేసిన చోట లేరని అది చెప్పింది. తెలుగు పండితుడు ఫోను కొనబోయినప్పుడు 'స్త్రీ', 'లక్ష్మి', 'వాఙ్మయం', 'జ్ఞానం' అన్న నాలుగు మాటలు వ్రాసి, చిన్న అక్షరాల్లో వత్తులు తెగకుండా కనబడుతున్నవో లేవో చూడవచ్చు. ఒక పద్యం పుట తెరిచి పది నిమిషాలు చదివితే తెర కంటికి హాయిగా ఉన్నదో లేదో కూడ తేలిపోతుంది.

ఉపాధ్యాయుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 ఆగస్టులో ఉపాధ్యాయుల హాజరును ముఖచిత్రం ద్వారా, వారి సొంత ఫోనులోనే నమోదు చేయించే పద్ధతి ప్రవేశపెట్టింది. పరికరం ప్రభుత్వమే ఇవ్వాలని ఉపాధ్యాయ సంఘాలు కోరాయి. ఆ కోరికలో న్యాయమున్నది. సుద్దముక్క కొనమని ఏ ప్రభుత్వమూ ఉపాధ్యాయుని అడగదు కదా! ఏడాది తిరగకముందే, 2023 ఆగస్టులో, తరగతి గదిలోకి ఫోను తేరాదని విద్యార్థులకే గాక ఉపాధ్యాయులకు కూడ ఆదేశం వచ్చింది. బడి గడప వద్ద అత్యవసరమైనది తరగతి గడప వద్ద నిషిద్ధమైంది. రెండవ ఆదేశం మంచిదే. అయితే మొదటిదాని ఫలితంగా ఉపాధ్యాయుని ఫోను అతని ఇష్టానికి కొన్న వస్తువు కాక ఉద్యోగ సాధనం అయింది. ముఖం గుర్తించే ముందు కెమేరా, ఆ ఊరిలో అందే సిగ్నలు అతని పట్టికలో మొదటి గడులు కావాలి. నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో ఒక సంస్థ సిగ్నలు అందిన చోట మరొకదానిది అందకపోవచ్చు. పనిచేసే బడి ఆవరణలో ఏ సిమ్ము పలుకుతుందో తోటివారిని విచారించి, ఆ సంస్థ వాడే 5జీ తరంగాలను అందుకొనే ఫోనే కొనాలి. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ ఆరంభమైనంత మాత్రాన 5జీ అన్న ముద్ర గల ప్రతి ఫోనూ అన్ని తరంగాలనూ అందుకోదు.

పాత ఫోను కొనుక్కోక తప్పనివారు అనేకులు. వారు ఆళ్ళగడ్డ శిల్పులను చూడవచ్చు. శిల్పి రాతిని రూపం చూసి కొనడు. సుత్తితో తట్టి, పలికే ధ్వనిని వింటాడు. లోపల పగులు ఉంటే రాయి గంటవలె మ్రోగదు. పాత ఫోనును కూడ అట్లే తట్టి చూసే మార్గమున్నది. *#06# అని నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్య చేర్చి 14422కు సందేశం పంపితే, అది దొంగతనం జరిగినదిగా నిలిపివేసిన ఫోను అయితే తెలిసిపోతుంది. అమ్మేవాని ముఖం చూసి నమ్మడం కంటె ఇది మేలు.

పట్టికలన్నీ వదిలిపెట్టే గడి ఇంకొకటి ఉన్నది: ఈ ఫోను ఎవరిది? పద్నాలుగు నుండి పద్దెనిమిదేళ్ళ వయస్సు గల గ్రామీణ యువతను గురించిన 2023 'అసర్' నివేదికలో, ఫోను వాడడం తెలిసిన మగపిల్లల్లో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో 19.8 శాతం మందికే ఉన్నదని తేలింది. కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఇంటికి కొత్త ఫోను వస్తే అది కుమారునికి పోతుంది. అతని పాతది అన్ని సవరణలూ ఆగిపోయి, మధ్యాహ్నానికే బ్యాటరీ అడుగంటే స్థితిలో కుమార్తెకు దక్కుతుంది. పోటీ పరీక్ష దరఖాస్తు, హాల్ టికెట్టు, ఫలితం, ఉపకారవేతనం అన్నీ ఆమెకు కూడ ఫోనులోనే వస్తాయి. నంద్యాలకు బస్సులో పోయి చదివే పిల్లకు దారిలో ఆగిపోయే ఫోను వెంట ఉండడం చదువుకే గాక క్షేమానికీ లోటు. ఇరవై వేల ఫోను ఒకరికి కొని రెండవవారికి పాతది ఇచ్చే బదులు, పది పన్నెండు వేలలో మంచి ఆయువు గల ఫోన్లు రెండు కొనడం ఇంటి పెద్దలకు తోచవలసిన ఆలోచన. అంత సొమ్ము లేనప్పుడు, ఇంట్లో ఉన్న పాత ఫోనుకు సవరణలు ఇంకా వస్తున్నవో లేవో చూసి, వస్తున్నట్లయితే దానికి కొత్త బ్యాటరీ వేయడానికి ఎంత అవుతుందో కొత్త ఫోను బేరమాడే ముందు అదే అంగట్లో అడగవచ్చు.