అద్భుత కథకు అచ్చు దొరకదా?

గుణాఢ్యుని వృత్తాంతము తెలుగువారికి క్రొత్త కాదు. ఆతడు పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను తన నెత్తుటితో వ్రాసి శాతవాహన ప్రభువునకు పంపెననియు, ప్రభువు ఆ భాషను, ఆ నెత్తుటి వ్రాతను ఏవగించుకొని త్రిప్పి పంపెననియు, అంతట కవి కొండమీద నగ్నిగుండము నేర్పరచి యొక్కొక్క పత్రమును మృగపక్షులకు చదివి వినిపించి కాల్చివేసెననియు సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పినాడు. రాజు పశ్చాత్తాపముతో వచ్చునప్పటికి మిగిలినది ఒక్క లక్ష. ఇందు చరిత్ర యెంతయో పండితులు తేల్చుకొందురుగాక! ప్రకాశకుడు దొరకని అద్భుత కథకుని దుఃఖమును ఇంతకంటె చక్కగా తెలుపు కథ మాకు కనబడలేదు. రాజు గ్రంథమును చదివి త్రోసివేయలేదు, చదువకయే త్రోసివేసెను.

ఈ ప్రసంగ మిప్పు డెందుకన, కొంతకాలము క్రిందట ఒక యువకుడు మా కార్యాలయమునకు వచ్చి నాలుగువందల పుటల వ్రాతప్రతిని మా బల్లపై నుంచెను. మాయలు, మంత్రములు, రూపము మార్చు జీవులు గల నవల. మూడేండ్లు శ్రమించి వ్రాసెనట. ఒక ప్రకాశకుడు మొదటి పుట చూచి, తాము పిల్లల పుస్తకములు వేయమనెను. పిల్లల పుస్తకములు వేయువా రొకరు, ఇంత లావు గ్రంథమును పిల్లలు చదువరనిరి. మూడవవారు ఆదరముతో కాఫీ యిప్పించి, కాగితము ఖరీదు, అచ్చుకూలి, అట్టబొమ్మ వెల లెక్కగట్టి, ఆ సొమ్ము ముందుగా చెల్లింపుమనిరి. పుస్తకముల నమ్ముకొను భారము కూడ అతనిదేనట! దీనిని ప్రకాశన మనుటకంటె అచ్చుపని యనుట న్యాయము.

అద్భుత కథలకు పాఠకులు లేరను మాట మేము నమ్మజాలము. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములుగా వెలువడినవి. ఆ కథలనుండి ఇతివృత్తము గైకొని 1951లో తీసిన ‘పాతాళభైరవి’ని జనులెట్లు చూచిరో చెప్పనక్కరలేదు. 1947 జూలైలో మద్రాసున ‘చందమామ’ పుట్టినది. 1954లో అందు ‘తోకచుక్క’ ధారావాహికగా ప్రారంభమైనది. తరువాత ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గము’ మున్నగునవి యేండ్ల తరబడి నడచినవి. ‘చిత్రా’ వేసిన బొమ్మలతో వాటిని చదువుటకు పిల్లలతోపాటు పెద్దలును నెలనెలా ఎదురుచూచిరి. వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. కాని ఆ ధారావాహికలపై ఆయన పేరు అచ్చుకాలేదు. చదివినవారిలో ననేకులకు ఆ పేరు చాలకాలమువరకు తెలియదు. ఆయన 2010లో గతించినారు. పాఠకు లుండియు రచయిత కనబడకపోవుట మన సాహిత్యమున జరిగిన చిన్న అన్యాయము కాదు.

‘తోకచుక్క’ మొదలైన ఆ 1954లోనే ఇంగ్లండున టోల్కీన్ అను ఆచార్యుని ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటము వెలువడినది. అంతకుముందు, 1937లో వచ్చిన ఆయన ‘హాబిట్’ను ప్రకాశకుడైన స్టాన్లీ అన్విన్ తన పదేండ్ల కుమారుడు రేనర్ చేతికిచ్చి, ఒక షిల్లింగు కూలి యిచ్చి, అభిప్రాయము వ్రాయించుకొనెను. ఆ బాలుడే పెద్దవాడై తండ్రి సంస్థలో పనిచేయుచు, ఈ పెద్ద గ్రంథము వేసినచో వేయి పౌనుల నష్టము రావచ్చునని తండ్రికి తెలిపెను. ఇది మహాగ్రంథమని నమ్మినచో ఆ నష్టమునకు సిద్ధపడుమని తండ్రి సమ్మతించెను. వెల పాఠకునకు బరువు కాకుండ గ్రంథమును మూడు సంపుటములు చేసిరి. ఖర్చులు తిరిగి వచ్చువరకు రచయితకు ఏమియు లేదు. తరువాత లాభమున సగము. ఆ సగమెంత పెరిగినదో లోకమెరుగును.

మన ప్రకాశకులకు వేయి పౌనుల నష్టమును భరించు శక్తి లేదనుట సత్యమే. కాని అట్టి యొడంబడికకు శక్తికంటె నమ్మకము ముఖ్యము. ఖర్చు ప్రకాశకుడు భరించి, అది తీరినపిదప లాభమును సమముగా పంచుకొనుట కెవరు అడ్డు? ముందుగా చందాదారులను చేర్చుకొని పుస్తకములు వేయుట మనకు క్రొత్తయు కాదు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చందాదారుల బలముతోడనే శాస్త్రగ్రంథములను తెలుగువారి యిండ్లకు చేర్చినది. జీవశాస్త్రమును కొనిన జాతి మాయాదీవిని కొనదా?

ఇక రచయితల లోపమును దాచుటయు తగదు. ఆ యువకుని వ్రాతప్రతిని మేము మూడు రాత్రులు చదివితిమి. మొదటి నూరు పుటలలో అన్నియు పరదేశపు పేర్లు. మంచుకొండలు, నిప్పులు గ్రక్కు రెక్కల పాములు. మంచు నెన్నడును చూడని యతని కథానాయకుడు అరువది పుటలు మంచులో నడచును! చదువరికి మాత్రము చలి వేయదు. నూరవ పుట దాటగానే కథ ఒక యూరి చెరువుగట్టు మీదికి వచ్చును. తూము క్రింద నున్న యొక సత్త్వముతో కథానాయకుని నాయనమ్మకు పాతబాకీ యున్నది. అది ధాన్యపు కుంచములతో తీరు బాకీ కాదు. ఏటేట ఆమె జ్ఞాపకములలో నొకదానిని తీసికొనిపోవును. తుదకు ఆమె మనుమని పేరే మరచును. అచ్చట మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. వరమునకు వెల యున్నప్పుడే మాయ నమ్మదగినదగును. ఊరకే లభించు మంత్రము గారడీ.

మొదటి నూరు పుటలు తీసివేయుమని చెప్పగా అతని ముఖము చిన్నబోయెను. పది దినములు మా వైపు రాలేదు. మొన్న సాయంకాలము వచ్చి, తూముతో ప్రారంభమగు క్రొత్త ప్రతిని బల్లపై పెట్టి, కాఫీ కూడ త్రాగకయే వెడలిపోయెను. అది మూడువందల పుటలున్నది. చదువగోరు ప్రకాశకు లెవరైనను మాకు వ్రాసినచో, అతని యనుమతితో పంపగలము. చదివిన పిదప కాదనినను మాకు ఆక్షేపణ లేదు.