ముందు ఖండించు, తర్వాత బస్సెక్కు

స్పైక్ లీ సినిమా 'గెట్ ఆన్ ది బస్' ప్రస్తావన వస్తే "నల్లవాళ్ల ఐక్యత గురించి ఎంత బాగా తీశాడో" అని మెచ్చుకునే మిత్రులతో మాకు పేచీ ఉంది. మా లెక్కలో అది కొట్లాటల సినిమా. చెప్పుకోదగ్గది అందుకే అయింది.

1995 అక్టోబర్ 16న వాషింగ్టన్‌లో మిలియన్ మ్యాన్ మార్చ్ జరిగింది. పిలుపు నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు లూయీ ఫరాఖాన్‌ది. దానికని లాస్ ఏంజెలస్ నుంచి ఒకే బస్సులో బయల్దేరిన నల్లజాతి మగవాళ్ల కథ ఇది. సరిగ్గా ఏడాదికి, 1996 అక్టోబర్ 16న విడుదలైంది. ఖర్చు 24 లక్షల డాలర్లు. హాలీవుడ్‌కు అది చిల్లర. ఆ డబ్బు పెట్టింది 15 మంది నల్లజాతి మగవాళ్లే. డానీ గ్లోవర్, విల్ స్మిత్, లాయర్ జానీ కాక్రన్ వాళ్లలో ఉన్నారు. (పంపిణీ మాత్రం కొలంబియాది. హాలు తాళంచెవి ఎప్పుడూ పెద్దింటి వాళ్ల దగ్గరే!)

ఆ మార్చ్ గురించి రెండు ప్రశ్నలు బాగా నలిగాయి. ఒకటి, వచ్చింది ఎందరు? పార్క్ సర్వీస్ 4 లక్షలంది. నిర్వాహకులు 15 లక్షలకు తగ్గమన్నారు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు ఫోటోలు లెక్కగట్టి చివరకు 8 లక్షల పైచిలుకని తేల్చారు. రెండో ప్రశ్న: ఫరాఖాన్‌ను ఒప్పుకుంటారా, ఖండిస్తారా?

ఈ రెండో ప్రశ్న మాకు కొత్తది కాదు. ముందు ఫలానా వాణ్ని ఖండించు, తర్వాత నీ గోడు చెప్పుకో! ఈ రసీదు చూపనిదే మైనారిటీవాడు నోరు తెరవకూడదు. యూదుల గురించి ఫరాఖాన్ మాటలు విషమే. అందులో నీళ్లు నమలాల్సిందేం లేదు. కానీ టెన్నెసీ రోడ్డు మీద బస్సు ఆపి, కుక్కతో సోదా చేయించిన పోలీసులు 'మీది ఏ నాయకుడి జమాత్' అని అడిగారా? వాళ్లకు ఒంటి రంగు చాలింది. ఆ బస్సులో గ్యారీ అనే పోలీసాఫీసరూ ఉన్నాడు. అయినా సోదా తప్పలేదు.

సినిమా ఫరాఖాన్ ప్రశ్నను దాటవేయలేదు. యూదుడైన డ్రైవర్ రిక్ 'ఇక నడపను' అని దిగిపోతాడు. అతన్ని దుర్మార్గుణ్ని చేసి చేతులు దులుపుకోలేదు స్పైక్ లీ. జార్జ్ వాదించి, కోప్పడి, చివరికి తానే స్టీరింగ్ పట్టుకుంటాడు.

అసలు యుద్ధం లోపలుంది. గల్ఫ్ యుద్ధంలో పోరాడి వచ్చిన కైల్ స్వలింగ ప్రేమికుడు. అతనూ నల్లవాడే, అతనూ మగవాడే. మరి ఫ్లిప్‌కు పక్క సీట్లో అతను ఎందుకు ముల్లయ్యాడు? బయటివాడు మనల్ని చూసిన చూపుతోనే మనం మనలోవాణ్ని చూడడం లేదా? ఇక జమాల్. ఒకప్పటి గ్యాంగు మనిషి, ఇప్పుడు ముస్లిం. అప్పట్లో చంపానని ఒప్పుకుంటాడు. పోలీసైన గ్యారీ తండ్రి చచ్చిందీ అలాంటి గ్యాంగు చేతుల్లోనే. 'వెనక్కి వెళ్లాక నిన్ను అరెస్టు చేస్తాను' అంటాడు గ్యారీ. మాకు సినిమా మీద గౌరవం కలిగింది ఇక్కడ. తౌబా చేసుకున్నాడు కదా అని చచ్చినవాడి లెక్క కొట్టేస్తామా? మన సభల్లోనైతే ఎవరో పెద్దమనిషి లేచి 'ఇంటి గుట్టు, ఖౌమ్ ఇజ్జత్' అంటూ ఇద్దర్నీ కూర్చోబెట్టేవాడు.

ఇంత ధైర్యమున్న బస్సు ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి బ్రేకు వేసింది. మార్చ్‌కు మగవాళ్లే రావాలి, ఆడవాళ్లు ఇంట్లో ఉండాలి అన్నది పిలుపు. ఏంజెలా డేవిస్ లాంటి వాళ్లు అప్పుడే ఎదిరించారు. సినిమాలో దారిలో తగిలిన ఒకరిద్దరు స్త్రీలకు కాసేపు మాట్లాడే వీలు దొరికింది, అంతే. బస్సు కదిలిపోయింది. కోర్టు 72 గంటలు ఒకే గొలుసుకు కట్టిన తండ్రీకొడుకుల మధ్య ఆ పిల్లవాణ్ని ఇన్నేళ్లూ పెంచిన తల్లి ఏది?

1997 అక్టోబర్ 25న ఫిలడెల్ఫియాలో నల్లజాతి స్త్రీలు తమ మిలియన్ ఉమన్ మార్చ్ తామే జరుపుకున్నారు. ఆ దారిలోనూ బస్సులు నడిచాయి. స్పైక్ లీ వాటిలో ఒక్కటీ ఎక్కలేదు. ఎందుకెక్కలేదని మేం అడుగుతున్నాం.