మణికట్టు మీది నాలుగు మాటలు

ఉర్దూలో 'జిగర్' అంటే కాలేయం. ధైర్యవంతుణ్ణి జిగర్ ఉన్నవాడంటారు. ప్రాణస్నేహితుణ్ణి జిగ్రీ దోస్త్ అంటారు. తెలుగులో ఆ గౌరవమంతా గుండెకే దక్కింది. కాలేయం వైద్యగ్రంథాలలోను, 'కార్జం' అన్న పేరుతో వంటింటిలోను మిగిలిపోయింది. మాటలలో ఇంత భేదమున్నా, ఆ అవయవానికి జబ్బు చేసిందని వినగానే రెండు భాషలవారూ అనేది ఒకటే: "తాగి ఉంటాడు."

ఈ మాటకు జడిసియే మన ఇళ్ళలో కాలేయవ్యాధిని దాచిపెడుతున్నారు. దాచుకొనే వ్యాధిని చేతికి కట్టుకొని తిరగమనడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. అయినా నేను చెప్పదలచినది అదే. సిరోసిస్ వంటి తీవ్రమైన కాలేయవ్యాధి కలవారు, కాలేయమార్పిడి చేయించుకొన్నవారు, తమ వ్యాధి పేరు చెక్కించిన బిళ్ళనొకదానిని మణికట్టుకు ధరించి తీరవలెనని నా అభిప్రాయం.

ఈ ఆచారం పుట్టింది అమెరికాలో. 1953లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని టర్లాక్ పట్టణంలో, మేరియన్ కాలిన్స్ అనే వైద్యుని కుమార్తెకు వేలు తెగింది. ధనుర్వాతం రాకుండా ఇచ్చే మందును పరీక్షకై కొద్దిగా ఎక్కించగానే అది పడక ఆ బాలిక ప్రాణం మీదికి వచ్చింది. బ్రతికి బయటపడిన బిడ్డకు తలిదండ్రులు ఆ సంగతి వ్రాసిన చీటీ కట్టి పంపసాగినారు. చీటీ పోయి లోహపు గొలుసు వచ్చింది. 1956లో మెడిక్‌అలర్ట్ అనే సంస్థ వెలసింది.

మందు పడనివారికై పుట్టిన బిళ్ళ కాలేయరోగికెందుకు? పేగులలో పుట్టే అమ్మోనియాను ఆరోగ్యంగా ఉన్న కాలేయం యూరియాగా మార్చివేస్తుంది. గట్టిపడిన కాలేయం ఆ పని సరిగా చేయలేదు. అప్పుడు అమ్మోనియా మొదలైన విషపదార్థాలు రక్తం వెంట మెదడుకు చేరుతాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ. మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చాచిన చేతులు పక్షిరెక్కల వలె అల్లాడుతాయి, ఊపిరిలో ఒక వింత వాసన. చివరకు స్పృహ తప్పుతుంది. ఇందుకు నాలుగు రోజుల మలబద్ధకం చాలు. ఒక నిద్రమాత్ర చాలు. ఇట్టి మనిషి బస్‌స్టాండులో బల్లమీద ఒరిగి ఉంటే దారిన పోయేవారు ఏమనుకొంటారో వేరుగా చెప్పనక్కరలేదు. జీవితంలో చుక్క ముట్టని హాజీ సాహెబైనా ఆ క్షణంలో తాగుబోతుల లెక్కలోనివాడే. అవమానం మాట అటుంచుదాం. తాగినవాడు దిగినాక వాడే లేస్తాడని జనం తప్పుకొని పోతారు. ఈయన లేవడు. సకాలంలో ఆస్పత్రికి చేర్చి, లాక్టులోజ్ వంటి మందు ఇచ్చి, మూలకారణాన్ని కనిపెట్టి చికిత్స చేస్తే తేరుకొనేవాడే!

ఆస్పత్రికి చేరినంత మాత్రాన గండం గడవదు. ఒళ్ళునొప్పులకు సర్వసాధారణంగా ఇచ్చే డైక్లోఫెనాక్ ఇట్టివారి మూత్రపిండాలను దెబ్బతీయగలదు, రక్తస్రావం కలిగించగలదు. గోల చేస్తున్నాడని మత్తుమందు ఇస్తే ఉన్న తెలివి కూడా పోతుంది. పారాసిటమాల్ సైతం రోజుకు రెండు గ్రాములు మించరాదని వైద్యులు సామాన్యంగా చెబుతారు. మన దేశంలో 1998లో మొదటిసారి సఫలమైన కాలేయమార్పిడి నేడు ఎందరికో జరుగుతున్నది. వారు వాడే టాక్రోలిమస్ వంటి మందులు ఆగరాదు. వారికి వచ్చే చిన్న జ్వరం చిన్నది కాదు. ఇవన్నీ ఎదుటి వైద్యునికి ఎవరు చెప్పాలె? చెప్పవలసిన నోరు మూతపడి ఉన్నది.

జేబులో చీటీ ఉన్నది గదా, ఫోనులో వ్రాసి ఉన్నది గదా అంటారు. ఫోనుకు తాళం ఉంటుంది. జేబును వైద్యుని కంటె ముందు దొంగ చూస్తాడు. మణికట్టు సంగతి వేరు. నాడి చూడడానికి ఎవరైనా దానినే పట్టుకొంటారు. 2005 నుండి మనకు 108 వాహనాలు ఉన్నవి. వాటిలో వచ్చేవారందరికీ బిళ్ళకోసం చూచే అలవాటు ఉన్నదని నేను అనను. కాని ధరించేవారే లేనప్పుడు చూచే అలవాటు ఎట్లా వస్తుంది?

మగవాడికి చేతి గొలుసేమిటని ఇంకొక ఆక్షేపణ. ఉక్కు బిళ్ళకు తోలుపట్టీ వేసికొంటే గడియారానికీ దీనికీ భేదం కనిపించదు. తాయెత్తు కట్టుకొనడానికి లేని సిగ్గు దీనికెందుకో నాకర్థం కాదు. అయితే ఒక భేదమున్నది. తాయెత్తులోని వ్రాత మడతపెట్టి మూసినది, ఎవరూ చదివేది కాదు. ఈ వ్రాత దారిన పోయేవాడు సైతం చదువగలిగి ఉండాలె.

సంబంధాలు చూస్తున్న ఆడపిల్ల ఉన్న ఇంటివారి భయం మాత్రం నేను తేలికగా తీసివేయలేను. వారికి చెప్పేది ఒక్కటే: బిళ్ళమీద వ్యాధికి కారణం వ్రాయనక్కరలేదు. హెపటైటిస్-బి వల్ల వచ్చిందా, మధుమేహం వెంట వచ్చే కొవ్వు వల్లనా, పుట్టుకతో వచ్చిన విల్సన్ వ్యాధి వల్లనా అన్నది ఆ క్షణంలో ఎవరికీ అక్కరలేదు. మద్యమొక్కటే కారణమైతే, హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను ఎందుకు తెచ్చినట్లు?

ఇక ఏ భాషలో వ్రాయాలె? తెలుగు అధ్యాపకుణ్ణి గనుక తెలుగని అంటానని మిత్రులు ఎదురుచూడవచ్చు. వ్యాధి పేరు, పడని మందుల పేర్లు ఇంగ్లీషులోనే ఉండనిండు, చదివేది వైద్యుడు. వెనుకవైపు మాత్రం "నేను తాగలేదు, కాలేయ రోగిని, ఆస్పత్రికి చేర్చండి" అని తెలుగులో ఉండాలె. మొదట చదివేది రిక్షావాలా, బస్సు కండక్టరు. పాతబస్తీలో తిరిగేవారు అదే మాటను ఉర్దూలో చెక్కించుకొన్నా మంచిదే. దాని క్రింద ఇంటివారి టెలిఫోను నంబరు. అది ఎప్పుడు మ్రోగినా ఎత్తేవారిది కావాలె; నంబరు మారిననాడే బిళ్ళ కూడా మార్చాలె.