తుంటికీలు మార్చిన పిమ్మట కాలివాపు

తుంటికీలు మార్పించుకొని వచ్చిన అత్తగారి కాలు వాచినంతనే నూనె కాచి మర్దించుట మన యిండ్లలో పరిపాటి. సోదరీమణులారా, ఒక్కింత యాగుడని మా మనవి.

ఈ శస్త్రచికిత్స పిమ్మట కొన్ని నెలలు వాపుండుట సాధారణమే. అది సాయంకాలమునకు హెచ్చి, పరుండి కాలిని దిండ్లపై గుండెకంటె ఎత్తున నుంచినచో తగ్గును. పాదమును తఱచుగ పైకి క్రిందికి నాడించుట మేలు.

కాని పిక్క నొప్పిపెట్టినను, ఎఱ్ఱబడి వేడెక్కినను, తెల్లవాఱినను వాపు తగ్గకున్నను, సిరలో నెత్తురు గడ్డకట్టియుండవచ్చును. అట్టి కాలిని మర్దించినచో గడ్డ కదలి ఊపిరితిత్తులకు బోయి ప్రాణము దీయవచ్చును. ఆనాడే వైద్యునికి జూపవలెను. ఆయాసముగాని ఱొమ్మునొప్పిగాని తోచెనా, నిమిషమైన జాగుసేయక ఆసుపత్రికి జేర్పవలెను.

నెత్తురు గడ్డకట్టకుండ నిచ్చిన మందును, కాలు బాగుగనే యున్నదని నడుమ మానిపింపరాదు.